ఇంజన్ పని చేయించిన అంబాసిడర్, వేడెక్కగానే ట్యాపెట్ సౌండ్. మళ్ళీ దింపాలా?

మిర్యాలగూడ_మార్క్4
బాపు నడిపిన బండి ఇది. 1985 అంబాసిడర్ మార్క్ 4, పెట్రోల్, 1489 సీసీ. ఆరేళ్లు షెడ్డులో నిలబడిపోతే ఈసారి పట్టుబట్టి ఇంజన్ దింపించాను. సిలిండర్లు బోరు చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్లు, రింగులు, మెయిన్ బేరింగులు, బిగ్ ఎండ్ బేరింగులు, ఆయిల్ పంపు, టైమింగ్ చైన్, వాల్వులు, గైడ్లు అన్నీ కొత్తవి. హెడ్ ఫేసింగ్ అయ్యింది. వాల్వులను ఆడించే క్యామ్ షాఫ్టు బాగుందని పాతదే ఉంచారు. హెడ్ మీద వాల్వులను నొక్కే రాకర్ సెట్టు కూడా పాతదే, కడిగి పెట్టామన్నారు.

పొద్దున స్టార్ట్ చేస్తే చక్కగా ఆడుతుంది. రెండు మూడు నిమిషాలు కాగానే పైనుంచి టిక్ టిక్ టిక్ మొదలు. వేడెక్కే కొద్దీ పెరుగుతుంది, రైజ్ చేస్తే సౌండ్ కూడా దాంతోపాటే పరుగెత్తుతుంది. మా మేనకోడలు దీనికి కుట్టుమిషన్ బండి అని పేరు పెట్టింది.

మేస్త్రి దగ్గరికి మూడుసార్లు తీసుకెళ్లాను. ప్రతిసారీ ట్యాపెట్లు, అంటే రాకర్‌కూ వాల్వుకూ మధ్య సందు, సెట్ చేసి పంపుతాడు, ఒకరోజు తగ్గుతుంది, మళ్ళీ అదే కథ. "కొత్త ఇంజన్ కదా, వెయ్యి కిలోమీటర్లు తిరిగితే సర్దుకుంటుంది" అంటున్నాడు. ఇప్పటికి 180 కిలోమీటర్లు తిరిగింది. ఇంకో మూడు వారాల్లో చెల్లి పెళ్ళి. అప్పగింతలయ్యాక బిడ్డను వాళ్ళ నాన్న బండిలోనే పంపాలని అమ్మ కోరిక. రాత్రి పడుకుంటే కూడా చెవుల్లో ఆ టిక్ టిక్కే వినిపిస్తోంది. ఇంజన్ మళ్ళీ దింపాల్సిందేనా?

కల్వకుర్తి_క్లచ్
ట్యాపెట్ ఇంజన్ అన్నాక టిక్ టిక్ అనకుండా ఎట్లుంటది అన్నా. మా మామయ్య మార్క్ 3 ముప్పై ఏళ్లు అట్లనే కొట్టింది, కొట్టుకుంటూనే నాలుగుసార్లు తిరుపతి పోయొచ్చింది. టెన్షన్ పడకు, తిప్పు.

దేవరకొండ_డీజిల్
పైన చెప్పినదానికి నేను ఒప్పుకోను. ఏళ్ల తరబడి ఒకే తీరుగా ఉన్న సౌండ్ వేరు, మొన్న పని చేయించిన ఇంజన్లో రోజురోజుకూ పెరిగే సౌండ్ వేరు. వెయ్యి కిలోమీటర్ల లెక్క రింగులు బోరులో కూర్చోవడానికి చెప్పేది. రాకర్ దగ్గర వచ్చే సౌండ్ తిప్పితే సర్దుకోవడం నేనైతే ఎక్కడా చూడలేదు. తెలిసేదాకా బండి తియ్యకు అన్నా.

పానగల్_800
ముందు అది ట్యాపెట్టేనా అని తేల్చుకోండి. నా మారుతి 800కి ఇట్లాగే హెడ్ పని చేయించాక టక్ టక్ మొదలైంది. ట్యాపెట్లు రెండుసార్లు సెట్ చేయించాను, ఏం లాభం లేదు. చివరికి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర గాలి లీకు! చీకట్లో బానెట్ ఎత్తి చూస్తే గ్యాస్కెట్ అంచున నల్లగా మసి చార కనిపించింది. చెవికి అచ్చం ట్యాపెట్ లాగే ఉంటుంది.

మిర్యాలగూడ_మార్క్4
800 అన్నా, మానిఫోల్డ్ చుట్టూ చూశాను. మసి ఎక్కడా లేదు. చల్లగా ఉన్నప్పుడు అసలు సౌండే లేదు కదా, మరి లీకైతే చల్లగా ఉన్నప్పుడు కూడా రావాలి కదా?

పానగల్_800
నిజమే. నాది పొద్దున చల్లలో ఎక్కువ ఉండి, వేడెక్కి ఇనుము సాగాక తగ్గేది. నీది రివర్సు. అయితే నా కేసు కాదు ఇది.

గద్వాల_బుల్లెట్
కొంచెం చిక్కటి ఆయిల్ పోసి చూడు బ్రో. లేకపోతే సౌండ్ తగ్గించే డబ్బాలు దొరుకుతాయి, ఆయిల్లో కలిపితే చాలు.

డిపో_వనపర్తి
డబ్బాలు పోయొద్దు నాయనా. కారణం తెలియకముందే సౌండ్ మూసేస్తే రేపు దేన్ని విని కనిపెడతావు? ఆ ఇంజన్‌కు 20డబ్ల్యూ50 సరిపోతుంది, అంతకంటే చిక్కన అక్కర్లేదు.

నేను డిపోలో ఇంజన్ సెక్షన్లో 31 ఏళ్లు పనిచేసి రిటైర్ అయ్యాను. కొత్త పిల్లలకు మొదట నేర్పేది ఒకటే: చెయ్యి పెట్టకముందు చెవి పెట్టు. మీ మేస్త్రి మూడుసార్లు స్క్రూ తిప్పాడు గానీ సౌండ్ ఎక్కడుందో వెతికినట్టు లేదు. నువ్వు ఇవి చేసి రాయి.

మొదటిది, టైమింగ్ లైటు ఎవరి దగ్గరైనా ఉంటే ఒకటో ప్లగ్గు వైరుకు తగిలించు. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది, ఒకటో ప్లగ్గు కూడా ఆ రెండు చుట్లకు ఒక్కసారే మెరుస్తుంది. కాబట్టి ఒక్క వాల్వు కొడుతుంటే లైటు మెరుపూ టిక్కూ ఒకటికొకటి జోడీగా నడుస్తాయి. మెరుపుకు రెండేసి దెబ్బలు పడితే అది క్రాంకు వేగం, అప్పుడు కింది భాగం మీద అనుమానం పెట్టుకోవాలి.

రెండోది, ఒక్కో ప్లగ్గు వైరు తీసి చూడు. ఏదైనా వైరు తీసినప్పుడు సౌండ్ బాగా తగ్గితే పిస్టనో, కింద క్రాంకును పట్టుకునే బిగ్ ఎండ్ బేరింగో. ఎంత పీకినా మారకపోతే వాల్వుల వైపే.

మూడోది, పొడుగు స్క్రూడ్రైవరు. మొన రాకర్ కవర్ మీద, పిడి చెవి వెనక ఎముక మీద. ముందునుంచి వెనక్కి అంగుళం అంగుళం జరుపుకుంటూ పో. ఫ్యాన్ దగ్గర జాగ్రత్త, మెడలో టవల్ వేసుకుని వంగకు.

జడ్చర్ల_జిప్సీ
వనపర్తి సార్ చెప్పినవి చేస్తూనే ఇంకోటి కూడా చూడు. సందు ఏ లెక్కన పెడుతున్నారు, వేడిలోనా చల్లలోనా? నా జిప్సీ 1.3కి చల్లలో ఇన్‌లెట్ 0.13 నుంచి 0.17 మి.మీ., ఎగ్జాస్ట్ 0.16 నుంచి 0.20. వేడిలో అయితే ఇన్‌లెట్ 0.23 నుంచి 0.27. ఒకాయన వేడి లెక్క తీసుకుని చల్లటి ఇంజన్ మీద పెట్టాడు. నేను రెండు నెలలు మిల్లు మర మోసినట్టు మోశాను ఆ సౌండ్.

మిర్యాలగూడ_మార్క్4
దీనికి 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) అన్నాడు, ఇన్‌లెట్‌కూ ఎగ్జాస్ట్‌కూ ఒకటే.

జడ్చర్ల_జిప్సీ
15 థౌ కరెక్టే ఆ ఇంజన్‌కి. అంటే 0.38 మి.మీ. జిప్సీకంటే డబుల్ పైనే, అందుకే అంబాసిడర్లు పుట్టుకతోనే కొంచెం మాట్లాడతాయి.

కల్వకుర్తి_క్లచ్
నేనూ అదే కదా చెప్పింది!

దేవరకొండ_డీజిల్
కొంచెం మాట్లాడితే పర్లేదు తమ్మీ, ఇది రోజూ గొంతు పెంచుతోంది.

మిర్యాలగూడ_మార్క్4
చేశాను. టైమింగ్ లైటు బస్టాండ్ దగ్గర ఎలక్ట్రీషియన్ ఒకాయన ఇచ్చాడు. ఒక్కటే టిక్కు కాదు, రెండు మూడు కలిసి కొడుతున్నాయి, కానీ వరస మాత్రం మెరుపుతోనే తిరుగుతోంది. ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటీ పీకాను, ఇంజన్ వణికింది గానీ సౌండ్ అలాగే ఉంది. స్క్రూడ్రైవరుతో వింటే వెనక, అంటే కూర్చునే వైపు, మెత్తగా ఉంది. ముందు, రేడియేటర్ వైపు, గట్టిగా. కవర్ ముందు భాగం మీద చెయ్యి పెడితే చేతికి కూడా తెలుస్తోంది.

డిపో_వనపర్తి
శభాష్. ఇంజన్ దింపే మాట ఇక మరిచిపో, గొడవ పైనే ఉంది.

ఇప్పుడు రాకర్ కవర్ తీసి, నువ్వే 15 థౌ సెట్ చెయ్యి, మేస్త్రి కాదు. ఈ ఇంజన్‌కు తొమ్మిది లెక్క పనికొస్తుంది. ముందునుంచి వాల్వులకు 1 నుంచి 8 దాకా నంబర్లు వేసుకో. 8 పూర్తిగా దిగి తెరుచుకున్నప్పుడు 1 సెట్ చెయ్యి, 7 తెరుచుకున్నప్పుడు 2, 6కి 3, 5కి 4, మళ్ళీ 4కి 5, ఇట్లా. రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే రావాలి. ప్లగ్గులు తీసేస్తే ఇంజన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. సందు కొలిచే ఫిల్లర్ బ్లేడు వెన్న మీద కత్తిలా జారకూడదు, పట్టుకుని లాగినట్టుండాలి. లాక్ నట్టు బిగించాక మళ్ళీ ఒకసారి బ్లేడు పెట్టి చూడు, బిగించేటప్పుడే స్క్రూ కదులుతుంది.

సెట్ చేశాక 40 కిలోమీటర్లు తిరిగి, రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున ఎనిమిదింటినీ మళ్ళీ కొలిచి కాగితం మీద రాయి.

హాలియా_ట్రాక్టర్
తొమ్మిది లెక్క ఇన్నాళ్లూ నాకు తెలియదు. ప్రతి సిలిండర్‌కు పిస్టన్ పూర్తిగా పైకి వచ్చే చోటు, టాప్ డెడ్ సెంటర్, వెతుక్కుంటూ కూర్చునేవాడిని. మంచి మాట చెప్పారు సార్.

మిర్యాలగూడ_మార్క్4
ఆదివారం సాయంత్రం సెట్ చేశాను, ఎనిమిదీ 15. వాడపల్లి వైపు పోయి వచ్చాను, పైన అటూ ఇటూ తిరిగింది కలిపి 42 కిలోమీటర్లు. ఈ పొద్దున కొలిస్తే:

ఒకటి 19. రెండు 18. మూడు 18. నాలుగు 16. ఐదు నుంచి ఎనిమిది దాకా 15, 15, 16, 15.

లాక్ నట్లు ఏవీ లూజు కాలేదు, పెయింటుతో గీత పెట్టుకున్నాను, గీతలు కదల్లేదు.

పానగల్_800
గ్యాస్కెట్ కొత్తది కదా, అది కూర్చుంటే సందులు మారతాయి అంటారు. అదే అయ్యుండొచ్చా?

డిపో_వనపర్తి
మంచి ప్రశ్న, కానీ దిక్కు తప్పింది. ఇది పుష్ రాడ్ ఇంజన్. క్యామ్ కింద బ్లాకులో ఉంటుంది, రాకర్ పైన హెడ్ మీద, రెంటి మధ్య కమ్మీయే పుష్ రాడ్. గ్యాస్కెట్ నలిగితే హెడ్ కిందికి దిగుతుంది, పుష్ రాడ్ పొడుగు మారదు, కాబట్టి రాకర్‌ను పైకి తోస్తుంది. సందు తగ్గాలి. కొత్త వాల్వు సీటులోకి దిగినా అంతే, వాల్వు కొన పైకి వస్తుంది, సందు తగ్గాలి. పని చేయించాక సందు తగ్గడం మామూలే, అందుకే మళ్ళీ చూడమంటాం. ఇతనిది పెరిగింది. నట్టు లూజు కాకుండా సందు పెరిగిందంటే ఎక్కడో ఇనుము అరుగుతోంది. 42 కిలోమీటర్లకు 4 థౌ అంటే చాలా ఎక్కువ.

బండి ఆపెయ్యి తమ్మీ. ఈ రోజునుంచి.

దేవరకొండ_డీజిల్
క్యామ్ అనుకుంటున్నాను నేను. పాత క్యామ్ మీద ట్యాపెట్లు (క్యామ్ మీద కూర్చుని పుష్ రాడ్‌ను లేపే ముక్కలు) తారుమారు చేసి వేస్తే లోబులు, అంటే క్యామ్ మీది ఉబ్బులు, తినేస్తాయి. ఏ ట్యాపెట్ ఏ లోబు మీద అరిగిందో అక్కడికే పోవాలి. మా ఊర్లో ఒక జీపుకు ఇట్లాగే లోబు మొత్తం గుండ్రంగా అయిపోయింది.

కల్వకుర్తి_క్లచ్
నేను మొదట్లో తిప్పమన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను అన్నా. అంకెలు చూశాక నాకే భయమేసింది.

లేత్_నల్గొండ
చాలాసేపటి నుంచి చదువుతున్నా. మా లేత్ షాపుకు ఇలాంటి రాకర్ సెట్లు వస్తుంటాయి. క్యామ్ అయితే లోబులు ముందు మూడు మాత్రమే వరసగా పోవడం అరుదు, చెదురుమదురుగా పోతాయి. ముందు వైపు మూడూ పోయి వెనక బాగుందంటే నాకు ఆయిల్ మీద అనుమానం. ఈ ఇంజన్లో పైకి వచ్చే ఆయిల్ అంతా క్యామ్ వెనక బేరింగు దగ్గర్నుంచి బ్లాకు, హెడ్ గుండా వెనక పెడస్టల్లోకి, అంటే రాకర్ షాఫ్టును మోసే దిమ్మెలోకి, ఎక్కుతుంది. నాలుగు పెడస్టళ్లలో దానికొక్కదానికే ఆయిల్ దారి. అక్కడినుంచి గొట్టంలాంటి రాకర్ షాఫ్టు లోపలనుంచి ముందుకు పోవాలి. దారిలో అడ్డం పడితే చివరన ఉన్నవాటికి చుక్క కూడా అందదు. వెనకవి తడి, ముందువి పొడి.

కవర్ తీసి స్లోలో ఆడించి టార్చి వేసి చూడు. చుట్టూ అట్టముక్కలు పెట్టుకో, చిందుతుంది. వెనక రాకర్ల పైన ఆయిల్ ఊరాలి, ముందు వాటి పైన కూడా అంతే ఊరాలి.

డిపో_వనపర్తి
లేత్ తమ్ముడు నా నోట్లో మాట లాక్కున్నాడు. ఇంకో చిన్న పరీక్ష కూడా ఉంది. ఆయిల్ క్యాన్ తీసుకుని ముందు మూడు రాకర్ల మీద, షాఫ్టు దగ్గరా వాల్వును నొక్కే ప్యాడు దగ్గరా, నువ్వే చుక్కలు పొయ్యి. సౌండ్ ఆగిపోతే ఇంక అనుమానమే లేదు.

మిర్యాలగూడ_మార్క్4
సార్, ఆగిపోయింది!!

అయిదు నిమిషాలు ఆడించాను. వెనక నాలుగు రాకర్లు నిగనిగలాడుతున్నాయి, ఆయిల్ కారి పుష్ రాడ్ల మీదుగా కిందికి పోతోంది. మూడో పెడస్టల్ దాటాక తడి సన్నగా, రెండోది దాటాక ఏమీ లేదు. ముందు రాకర్ మీద వేలు పెట్టి చూస్తే (ఇంజన్ ఆపాకే) వేడిగా, గరుకుగా, నూనె జాడే లేదు. క్యాన్‌తో పోసిన పది సెకన్లలో టిక్ టిక్ మెత్తబడి పోయింది. మళ్ళీ నిమిషంన్నరకు మెల్లగా మొదలైంది. అమ్మను పిలిచి వినిపించాను. "మీ బాపు కూడా ఇట్లనే కవర్ తీసి గంటలు గంటలు చూసేవాడు" అంది.

పొద్దున రెండు నిమిషాలు ఎందుకు నిశ్శబ్దంగా ఉంటుందో కూడా ఇప్పుడు అర్థమైంది. రాత్రి కవర్‌కు అంటుకున్న ఆయిల్ చుక్క చుక్కగా రాకర్ల మీద పడి ఉంటుంది కదా, అది ఆరేదాకా ఊరుకుంటోంది.

హాలియా_ట్రాక్టర్
చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. వెయ్యి కిలోమీటర్లు తిప్పి ఉంటే?

లేత్_నల్గొండ
షాఫ్టు, రాకర్లు, పుష్ రాడ్ కప్పులు, వాల్వు కొనలు అన్నీ పోయేవి. ఆ ఇనుప పొడి మొత్తం కింద సంపులోకి, అక్కడినుంచి కొత్త బేరింగుల్లోకి. ఆయిలూ ఫిల్టరూ ఇప్పుడే మార్చేయండి, 220 కిలోమీటర్లే కదా అని చూడకండి.

షాఫ్టు తీసేటప్పుడు ఒక్క సంగతి. పెడస్టళ్ల పెద్ద నట్లు హెడ్‌ను పట్టుకున్న నట్లే. ఆ నాలుగూ లూజు చేసి మిగతా హెడ్ నట్లు బిగుతుగా వదిలేస్తే హెడ్ వంకర పోతుంది, నీళ్లు గ్యాస్కెట్లోకి దిగుతాయి. రేడియేటర్ నీళ్లు తీసేసి, హెడ్ నట్లు అన్నీ వరస ప్రకారం కొద్దికొద్దిగా లూజు చేసి అప్పుడు ఎత్తాలి. మళ్ళీ బిగించేటప్పుడు కూడా అదే వరస, టార్క్ రెంచితో.

గద్వాల_బుల్లెట్
అరిగింది షాఫ్టు అడుగు వైపే కదా, దాన్నే తలకిందులు చేసి వేస్తే పని అయిపోదా? మా దగ్గర అట్ల చేస్తారు.

లేత్_నల్గొండ
చెయ్యొద్దు. రాకర్‌ను పుష్ రాడ్ ఒక వైపు, వాల్వు స్ప్రింగు ఇంకో వైపు పైకే తోస్తాయి, అందుకే బరువు పడేది షాఫ్టు అడుగున, ఆయిల్ రంధ్రాలు ఉండేది కూడా అటే. తిప్పి వేస్తే రంధ్రాలు పైకి వచ్చి, బరువు పడేచోట ఆయిల్ ఉండదు. ఈ బండికి షాఫ్టు తిరగకుండా పెడస్టల్లో చిన్న లాకింగ్ స్క్రూ ఉంటుంది, అది ఉంది అందుకే. ఆ స్క్రూ సరిగ్గా కూర్చోకపోయినా ఇదే రోగం వస్తుంది, విప్పేటప్పుడు చూడమని చెప్పండి.

మిర్యాలగూడ_మార్క్4
నిన్న సెట్టు మొత్తం తీసుకుని నల్గొండ వచ్చాను, లేత్ అన్న షాపు క్లాక్ టవర్ దగ్గర్నుంచి వెతుక్కుంటూ పోతే దొరికింది. మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాను. చూసింది చూసినట్టు రాస్తా, రేపు ఎవరికైనా పనికొస్తుంది.

షాఫ్టు చివరి మూత విప్పి తలకిందులు చేస్తే ఏమీ రాలేదు. సన్నటి కమ్మీ పెట్టి పొడిస్తే నల్లటి తారు ముద్ద, వంకాయ కాల్చినప్పుడు పొట్టు వస్తుందే అట్లా, పొరలు పొరలుగా ఊడింది. దాని మధ్యలో బూడిద రంగు జిగురు. అన్న వేళ్ల మధ్య నలిపి చూసి "ఇది వాల్వులు కూర్చోబెట్టిన గ్రైండింగ్ పేస్టు" అన్నాడు. అంటే రాకర్ సెట్టు పైపైన కిరోసిన్ బ్రష్షు తిప్పారు గానీ విప్పి కడగలేదు. ఆరేళ్లు నిలబడ్డ బండి, లోపల ఆయిల్ గట్టిపడి ఉంది, దానికి ఈ పేస్టు తోడై మూడో పెడస్టల్ దాటి బిరడా పడింది.

షాఫ్టు అడుగున గోరుతో గీస్తే మొదటి మూడు రాకర్ల చోట గోరు దిగబడి మెట్టులా తగులుతోంది. వెనక వాటి చోట నున్నగా ఉంది. ముందు రెండు రాకర్ల ప్యాడు మీద స్కేలు నిలబెట్టి వెలుతురుకు పెడితే మధ్యలో సందు కనిపించింది.

లేత్_నల్గొండ
ఆ ప్యాడు గుంత సంగతి అందరూ గుర్తు పెట్టుకోండి. వాల్వు కొన ఆ గుంతలో కూర్చుంటుంది, ఫిల్లర్ బ్లేడు మాత్రం గుంత అంచుల మీద వంతెనలా నిలబడుతుంది. బ్లేడుకు 15 అని తగులుతుంది, అసలు సందు 20 దాటి ఉంటుంది. మేస్త్రి ఎన్నిసార్లు సెట్ చేసినా సౌండ్ పూర్తిగా పోకపోవడానికి అదొక కారణం. పైగా అది పోవాలని ఇంకా బిగిస్తూ పోతే ఇంకో ప్రమాదం. వేడెక్కాక వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోదు. వాల్వు తన వేడిని సీటు ద్వారానే హెడ్‌కు ఇస్తుంది, కూర్చోకపోతే ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోతుంది. బిగుతు ట్యాపెట్ ఏ సౌండూ చెయ్యదు, అదే దాంట్లో చెడ్డ గుణం.

డిపో_వనపర్తి
బాగా చెప్పావు. సౌండ్ లేదని సంతోషంగా వెళ్లి వాల్వు కాల్చుకుని వచ్చిన బండ్లు చాలా చూశాను.

క్యామ్ చూశారా? దేవరకొండ తమ్ముడి అనుమానం కొట్టెయ్యకుండా తేల్చుకోవడం మంచిది.

మిర్యాలగూడ_మార్క్4
చూశాం సార్. సెట్టు తీశాక పుష్ రాడ్ల మీద డయల్ గేజ్ పెట్టి ఇంజన్ తిప్పితే ఎనిమిదింటి ఎత్తూ ఒక్క థౌ తేడాలో ఉంది. పక్క కవర్లు కూడా విప్పి ట్యాపెట్ల అడుగులు చూశాం, గుంతలు లేవు. పుష్ రాడ్లు అద్దం మీద దొర్లించి చూశాం, అన్నీ తిన్నగానే ఉన్నాయి.

దేవరకొండ_డీజిల్
క్యామ్ బతికింది, చాలు. నా అంచనా తప్పైనందుకు సంతోషంగా ఉంది.

మిర్యాలగూడ_మార్క్4
కొత్త షాఫ్టు, బుష్షులు, రెండు రాకర్లు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరికాయి. నాలుగు షాపులు తిరిగాను, అయిదో ఆయన అటక మీదనుంచి దుమ్ము దులిపి తీశాడు. బుష్షులు కొట్టాక రాకర్‌లో ఉన్న ఆయిల్ రంధ్రానికి సరిగ్గా ఎదురుగా బుష్షుకు కూడా రంధ్రం వేయాలంట, లేత్ అన్న ఒక్కోదానికి వేసి, రీమర్ పట్టి, సూది దూర్చి చూపించాడు. హెడ్‌లోకి వచ్చే ఆయిల్ దారిలో కూడా గాలి కొట్టాం, శుభ్రంగా ఉంది.

మా మేస్త్రికి కూడా అన్నీ చూపించాను. మొదట కోపం తెచ్చుకున్నాడు, ఆ నల్లటి ముద్ద చేతిలో పెట్టాక ఏమీ అనలేదు. బిగించే పని మాత్రం తనే దగ్గరుండి చేశాడు, కూలి తీసుకోలేదు.

జడ్చర్ల_జిప్సీ
అది పెద్దమనసు. తప్పు ఒప్పుకునే మేస్త్రిని వదులుకోకు.

డిపో_వనపర్తి
స్టార్ట్ చెయ్యకముందు ప్లగ్గులు నాలుగూ తీసేసి, కవర్ లేకుండా, సెల్ఫ్ మీద కొద్దికొద్దిగా తిప్పండి. ముందు రాకర్ దాకా ఆయిల్ ఊరేది కళ్లతో చూశాకే ప్లగ్గులు పెట్టండి. కొత్త ఇంజన్ మొదటిసారి కూడా ఇట్లాగే చేసి ఉంటే ఈ గొడవ ఆ రోజే బయటపడేది. డిపోలో మేం దీన్ని ఒక్క బండికి కూడా వదిలేవాళ్లం కాదు.

మిర్యాలగూడ_మార్క్4
చేశాం. సెల్ఫ్ మీద పది పది సెకన్లు, మధ్యలో బ్యాటరీకి విశ్రాంతి ఇస్తూ. నాలుగోసారికి వెనక ఊరింది, ఏడోసారికి ఒకటో రాకర్ పైన బంగారం రంగు చుక్క లేచి నిలబడి అంచు దాటి జారింది. నేనూ మేస్త్రీ ఇద్దరం ఒకేసారి "వచ్చింది" అని అరిచాం, పక్క షాపు వాళ్ళు పరుగెత్తుకొచ్చారు.

పానగల్_800
ఇప్పుడు సౌండ్ ఎట్లుంది? అందరం ఎదురుచూస్తున్నాం ఇక్కడ.

మిర్యాలగూడ_మార్క్4
వేడెక్కాక కూడా ఒకే తీరుగా సన్నటి గుసగుస, ఎనిమిదీ సమానంగా. సీట్లో కూర్చుంటే వినపడదు. మేనకోడలు కొత్త పేరు వెతుకుతోంది.

నిన్న నార్కట్‌పల్లి దాకా పోయి వచ్చాను, రానూపోనూ 120 పైనే. ఈ పొద్దున చల్లలో కొలిచాను: 15, 15, 14, 15, 15, 14, 15, 15.

డిపో_వనపర్తి
రెండు చోట్ల ఒక థౌ తగ్గింది చూశావా, అది హెడ్ కూర్చుంటున్న గుర్తు. మంచిదే. ఇంజన్ పూర్తిగా చల్లారాక హెడ్ నట్లు వరసలో ఒకసారి టార్క్ చూసి, ఆ తర్వాత ఆ రెండూ 15కి తెచ్చుకో. ముందు నట్లు, తర్వాత ట్యాపెట్లు. తారుమారు చెయ్యకు. పెళ్ళికి ముందు ఇంకో రెండు వందలు తిరిగి మళ్ళీ కొలువు.

హాలియా_ట్రాక్టర్
లేత్ అన్నా, నా దగ్గర ఒక పాత పెట్రోల్ జీపు ఉంది, దాని రాకర్ షాఫ్టు కూడా ఎప్పుడూ విప్పలేదు. తెస్తే చూస్తారా? సౌండ్ ఏం లేదు, కానీ ఇది చదివాక నిద్ర పట్టేలా లేదు.

లేత్_నల్గొండ
తీసుకురండి. ముందు ఇంటి దగ్గరే కవర్ తీసి ఆడించి చూడండి, చివరి రాకర్ దాకా తడి ఉంటే విప్పక్కర్లేదు.

మిర్యాలగూడ_మార్క్4
నట్లు చూశాం, ఆరు నట్లు చిన్న పిసరు తిరిగాయి. ట్యాపెట్లు మళ్ళీ 15. ఇంకో 210 తిరిగాక ఈ రోజు కొలిస్తే ఎనిమిదీ 15 మీదే ఉన్నాయి.

ఎల్లుండి ఉదయం ముహూర్తం. అమ్మ బండికి పసుపు కుంకుమ పెట్టి, బానెట్ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది. వనపర్తి సార్, లేత్ అన్నా, మీరిద్దరూ తప్పక రావాలి, అడ్రసు విడిగా పంపాను.

డిపో_వనపర్తి
వస్తాను నాయనా. బండి తీసేముందు డిప్ స్టిక్ చూసుకో.